శివారు స్లాటు

పాత బోర్డు మీద బల్లి పడింది.
కుడిభుజాన పడితే ఏమిటో, పాదాన పడితే ఏమిటో
పంచాంగం చివరి పేజీల్లో ఉంది.
మదర్‌బోర్డు మీద పడితే ఏమవుతుందో
నేను చెబుతాను:
ఠప్‌మని ఒక చప్పుడు, కాలిన వాసన,
పన్నెండు చెరువుల డ్రోన్ ఫొటోలు సగం కుట్టి ఆగిపోవడం,
డ్రైను గట్ల సర్వే మళ్ళీ మొదటికి రావడం.

మలికిపురంలో మేడమీద గది నాది.
సముద్రం కనపడదు గాని
తలుపు గొళ్ళెం పట్టుకుంటే చేతికి అంటుతుంది.
ఉప్పుగాలి ముందు ఇనుముని తింటుంది, తర్వాత రాగిని.
అందుకే ఈసారి తొందరపడలేదు.

రాజమండ్రి షాపులో కుర్రాడు డబ్బా తెరిచాడు.
అంచులంతా దీపాలు, తీర్థంలో రంగులరాట్నంలాగ.
"ఆయ్, ఇదే తీసుకోండి మేడం,
అందరూ ఇదే పట్టుకెళ్తన్నారు."
వెనక్కి తిప్పి టంకాలు చూశాను.
"కరెంటు ఫేజులెన్ని? రాత్రంతా పని నడిస్తే
ఈ రేకులు తట్టుకుంటాయా?"
వాడు లైట్ల రంగు మార్చి చూపించాడు.

బోర్డు అక్కడే వదిలేసి
దాని పుస్తకం పేజీలు ఫోనులో ఫొటో తీసుకొచ్చాను.
రావులపాలెం దాటేదాకా బస్సులో అదే చదివాను.
నలభై మూడో పేజీ అడుగున
చీమతలకాయంత అక్షరాల్లో ఉంది:
మూడో ఎమ్-టూలో డ్రైవు పెడితే
ఐదు, ఆరు నంబర్ల సాటా పోర్టులు పనిచేయవు.
రెండో పొడుగు స్లాటు
పైకి పదహారు లేన్ల పొడవు, లోపల తీగలు నాలుగే.

కింద వాటాలో నూకరాజు గారుంటారు.
ముప్ఫై ఏళ్ళు లస్కరుగా కాలవ తలుపులు ఎత్తి దించిన చేతులు.
అద్దాలు సర్దుకుని బొమ్మ చూశారు.
"ఇందులో హెడ్ స్లూయిస్ ఎక్కడమ్మాయ్?"
ప్రాసెసర్ గూడు చూపించాను.
"ఇక్కణ్ణించి సూటిగా పోయేవి?"
గ్రాఫిక్స్ కార్డుకి పదహారు, మొదటి డ్రైవుకి నాలుగు.
"మిగతావాళ్ళకి?"
చిప్‌సెట్ దాకా ఒకటే కాలవ. అక్కణ్ణించి పిల్లకాలవలు:
డ్రైవులు, నెట్టు, యూఎస్‌బీలు, అన్నీ.
ఆయన వేలు ఆ గీతమీద నడుచుకుంటూ వెళ్ళి
అట్టడుగు మూల ఆగింది.
"అయితే వీళ్ళు శివారు రైతులన్నమాట."

దాళ్వా వంతులప్పుడు
ఎగువవాళ్ళు తలుపు కింద గోనెసంచులు కుక్కేవారట.
రిజిస్టరులో నీళ్ళు వదిలినట్టే ఉండేది,
శివారు చేలో నెర్రెలు.
ఓ రాత్రి కడలి సుబ్బాయమ్మ అనే ఆవిడ
చాప తెచ్చుకుని షట్టరు పక్కనే పడుకుందట,
తన వంతు నీళ్ళు చెవులారా విని గాని లేవనని.
"పుస్తకంలో ఎంత రాశారని కాదమ్మాయ్.
అన్ని తలుపులూ ఒకేసారి ఎత్తితే
ఆఖరోడికి ఎంతొస్తాదో అడుగు."

అడిగాను. ముందు నన్ను నేనే.
ఫొటోలు వచ్చి పడడానికి ఒక డ్రైవు,
కుట్టేటప్పుడు చిత్తుకి ఒకటి,
పూర్తయిన పటాలకి ఒకటి,
చెరువులవాళ్ళు డబ్బులిచ్చేదాకా దాచడానికి ఇంకొకటి.
నాలుగూ ఒకేసారి తాగుతాయి.
వంతులు కుదరవు.

చివరికి వచ్చింది
కోతలయ్యాక చేను రంగులో ఉన్న బోర్డు.
దీపాల్లేవు. ధర మాత్రం ఏడు వేలు ఎక్కువ.
డ్రోనుకి కొనాల్సిన రెండో బ్యాటరీ అందులో కలిసిపోయింది.
రామ్ గూళ్ళు నాలుగైతే రెండే నింపాను.
కేసు కన్నాలన్నిటికీ దోమతెర గుడ్డ అంటించాను.

మొదటిసారి నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి,
తెర నల్లగానే ఉంది.
ఒక నిమిషం. రెండు.
కడుపులో ఏడు వేలూ కదిలాయి.
రామ్ ముక్కలు తీసి, ఊది, మళ్ళీ
క్లిక్‌మనేదాకా బొటనవేళ్ళతో నొక్కాను.
బీప్.

నూకరాజు గారు టార్చి వేసి లోపలికి తొంగి చూశారు.
"ఈ కింది స్లాటు ఖాళీగా ఉందేం?"
"ఇంకా తెలీదండి. ఏదో ఒకటి వస్తుంది."
"దానికీ నీళ్ళున్నాయా?"
"నాలుగు లేన్లు. ఎవరివీ లాక్కోకుండా."

ఆయనేమీ అనలేదు.
తన టీగ్లాసు బల్ల మీంచి తీసి
దూరంగా కిటికీలో పెట్టుకున్నారు.